టైర్ల స్కిడ్ స్టీర్ నుంచి రబ్బరు చైను లోడర్‌కు మారాలంటే: కొనే ముందు నుంచి చైను మార్చే రోజు దాకా

స్కిడ్ స్టీర్ లోడర్‌ను మన దగ్గర కంపెనీ ఏదైనా సరే బాబ్‌క్యాట్ అనే పిలుస్తాం. కోళ్ల ఫారాల్లో ఎరువు ఎత్తడానికి, సెల్లార్లలో మట్టి తీయడానికి, ఓడ అడుగున మిగిలిన సరుకును పోగు చేయడానికి ఈ చిన్న బండిని మించింది లేదు. గట్టి నేల మీద, ఇరుకు సందుల్లో దానిదే రాజ్యం. అదే బండిని తొలకరి తర్వాత నల్లరేగడిలోకి దించండి. పది నిమిషాల్లో నాలుగు టైర్లూ మట్టి ముద్దలై, బండి ఉన్నచోటే తిరుగుతూ గొయ్యి తవ్వుకుంటుంది. లాగడానికి ఇంకో బండి పిలవాలి. ఆ రోజు కిరాయి పోయినట్టే.

ఇలాంటి రోజులు ఎక్కువైనప్పుడే చైను లోడర్ మీదకు మనసు పోతుంది. దీన్ని కాంపాక్ట్ ట్రాక్ లోడర్ అంటారు. పైభాగం దాదాపు స్కిడ్ స్టీర్ లాగే ఉంటుంది. అవే చేతులు, అదే బకెట్, అదే క్యాబిన్. కింద మాత్రం టైర్ల బదులు రెండు రబ్బరు చైన్లు. గోదావరి జిల్లాల్లో వరి కోసే చైన్ మిషన్ చూసినవాళ్లకు రబ్బరు చైను కొత్తేమీ కాదు. బురదలో టైర్ల మిషన్ ఆగిపోయిన చోట అది ఎలా నడుస్తుందో రైతులు ఏటా చూస్తూనే ఉన్నారు.

ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. చైను లోడర్ కొని నష్టపోయినవాళ్లలో ఎక్కువ మంది బండి వల్ల నష్టపోరు. టైర్ల బండి నడిపిన చేత్తోనే చైను బండిని నడపడం వల్ల నష్టపోతారు. అందుకే ఈ గైడ్‌లో కొనడం గురించి కొంత, నడపడం, శుభ్రం చేయడం గురించి చాలా ఎక్కువ ఉంటుంది.

అసలు తేడా ఎక్కడుంది

స్కిడ్ స్టీర్ పుట్టుక చూస్తే సగం విషయం అర్థమవుతుంది. 1957లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, రోత్సే అనే ఊళ్లో సిరిల్ కెల్లర్, లూయిస్ కెల్లర్ అనే అన్నదమ్ములు ఒక టర్కీ కోళ్ల రైతు కోసం మూడు చక్రాల చిన్న లోడర్ తయారు చేశారు. కోళ్ల షెడ్డులో స్తంభాల మధ్య తిరగాలి, పై అంతస్తులోకి ఎక్కించగలిగేంత తేలికగా ఉండాలి అన్నది అవసరం. తర్వాత మెల్రో కంపెనీ దాన్ని తీసుకుని 1960లో నాలుగు చక్రాల మోడల్ తెచ్చింది. 1962 నుంచి బాబ్‌క్యాట్ పేరు వాడుకలోకి వచ్చింది. అంటే ఈ బండి పుట్టిందే షెడ్డులోని గట్టి నేల కోసం. ఒకవైపు చక్రాలు ముందుకి, ఇంకోవైపు చక్రాలు వెనక్కి తిప్పి ఉన్నచోటే గిర్రున తిరగడం దాని ప్రాణం. రబ్బరు చైన్ల లోడర్‌ను జపాన్ కంపెనీ తకేయుచి 1986లో తెచ్చింది. బురద, మెత్తని నేల, వాలు, ఇవి దాని చోటు.

లెక్కలో చూద్దాం. నాలుగు టైర్ల స్కిడ్ స్టీర్ నేల మీద వేసే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 2 నుంచి 2.8 కిలోలు. చైను లోడర్‌ది 0.3 నుంచి 0.4 కిలోలే. ఎలా వచ్చిందో మీరే వేసుకోవచ్చు. బండి బరువు 4,200 కిలోలు అనుకోండి. చైను వెడల్పు 40 సెంటీమీటర్లు, నేలకు ఆనే పొడవు 150 సెంటీమీటర్లు. రెండు చైన్లకు కలిపి 12,000 చదరపు సెంటీమీటర్లు. 4,200ను 12,000తో భాగిస్తే 0.35. మనిషి నిలబడితే పాదం వేసే ఒత్తిడి కూడా ఇంచుమించు ఇంతే. బకెట్ నిండినప్పుడు బరువు ముందుకి జరుగుతుంది కాబట్టి ముందు వైపు ఒత్తిడి దీనికంటే పెరుగుతుందని గుర్తుంచుకోండి.

ఇదే లెక్కను తిరగేసి చూడండి. టైర్ల బండి ఉన్నచోటే తిరిగితే నేలకు రాసుకునేది నాలుగు చిన్న ముక్కలు. చైను బండి అలాగే తిరిగితే 12,000 చదరపు సెంటీమీటర్ల రబ్బరు పక్కకు ఈడ్చుకుపోతుంది. బురదలో కాపాడే వెడల్పే కాంక్రీటు మీద చైనును తినేస్తుంది. మిగతా జాగ్రత్తల్లో చాలావాటికి మూలం ఇదే.

మొదటి అడుగు: మీ పని ఏ నేల మీద జరుగుతోందో రాసి పెట్టుకోండి

డీలర్ దగ్గరకు వెళ్లే ముందు ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఒక సీజన్ పాటు ప్రతి పని దగ్గర మూడు విషయాలు రాయండి: ఎన్ని గంటలు నడిచింది, నేల ఏది, వాన వల్లో బురద వల్లో ఎన్ని గంటలు ఆగింది. నేలను నాలుగు రకాలుగా రాస్తే చాలు: కాంక్రీటు లేదా తారు, కంకర లేదా రాయి, గట్టి మట్టి లేదా మొరం, తడి నేల లేదా ఇసుక.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ గంటల్లో సగానికి పైగా కాంక్రీటు, తారు, పదునైన కంకర మీదే అయితే టైర్ల బండినే ఉంచుకోండి. ఫ్యాక్టరీ లోపల, గోదాముల్లో, రెడీమిక్స్ ప్లాంట్లలో చైను బండి మీ డబ్బును నేలకు రుద్దేస్తుంది. రొయ్యల చెరువుల గట్లు, పొలం చదును, వెంచర్లలో మట్టి పని, తోటల్లో పని, పచ్చిక లాన్లు, ఇసుక నేలలు, ఇవి ఎక్కువైతే చైనుకు మారండి. మధ్యలో ఉన్నవాళ్లు ఆగిన గంటల లెక్క చూసుకోవాలి. ఏడాదిలో వాన వల్ల పోగొట్టుకున్న కిరాయి ఎంత అన్నదే అక్కడ తీర్పు.

మధ్య దారి ఒకటి ఉంది. టైర్ల మీదే తొడిగే చైన్లు దొరుకుతాయి, ఉక్కువి, రబ్బరువి కూడా. ముందు టైరు, వెనక టైరు కలిపి ఒకే పట్టాలా చుట్టేస్తాయి. ఏడాదిలో కొద్ది వారాలే బురద పని ఉండేవాళ్లకు ఇది చవకైన మార్గం. వేసే ముందు రెండు టైర్ల మధ్య, టైరుకూ బాడీకీ మధ్య తగినంత ఖాళీ ఉందో లేదో కొలవాలి. లేకపోతే చక్రాలకు స్పేసర్లు, అంటే చక్రాన్ని బయటికి జరిపే దిమ్మెలు, వేయాలి. నాలుగు టైర్లూ ఒకే అరుగుదలలో ఉండాలి, గాలి సమానంగా ఉండాలి. ఇది నిజమైన చైను లోడర్‌కు సాటి రాదు, కానీ మారాలా వద్దా అని తేల్చుకోవడానికి పనికొస్తుంది.

రెండో అడుగు: కాగితం మీది అంకెలను సరిగ్గా పోల్చండి

ఇక్కడే చాలామంది తికమక పడతారు. బ్రోచర్‌లో రేటెడ్ ఆపరేటింగ్ కెపాసిటీ, అంటే బండి భద్రంగా ఎత్తగల బరువు, అని ఒక అంకె ఉంటుంది. టైర్ల స్కిడ్ స్టీర్‌కు దాన్ని బండి ముందుకు ఒరిగిపోయే బరువులో 50 శాతంగా చెబుతారు. చైను బండికి 35 శాతంగా చెబుతారు. అందువల్ల ఒకే స్థాయి బండ్లలో చైనుది తక్కువ ఎత్తుతున్నట్టు కనిపిస్తుంది. ఒరిగే బరువు 2,400 కిలోలు అనుకుంటే టైర్ల లెక్కలో 1,200, చైను లెక్కలో 840. రెండు బండ్లనూ పోల్చాలంటే ఒరిగే బరువును, అంటే టిప్పింగ్ లోడ్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. కొన్ని బ్రోచర్లలో చైను బండికి కూడా 50 శాతం అంకె విడిగా ఇస్తారు. ఏది ఏదో అడిగి తెలుసుకోండి.

తడి మట్టి ఘనపు మీటరుకు రెండు టన్నుల దాకా తూగుతుంది. 0.45 ఘనపు మీటర్ల బకెట్ నిండా ఎత్తితే 850 కిలోల పైమాటే. మీరు రోజూ ఎత్తే సరుకు ఎంత బరువుందో తెలియకుండా బకెట్ సైజు ఎంచుకోకండి.

చైను బండి బరువు అదే స్థాయి టైర్ల బండి కంటే మామూలుగా అర టన్ను నుంచి టన్ను దాకా ఎక్కువ. కాబట్టి ఇప్పుడు మీ దగ్గరున్న ట్రాలీ, దాని ర్యాంపులు, లాగే బండి ఆ బరువు మోయగలవో లేదో చూడాలి. బకెట్, బ్రేకర్ లాంటి అటాచ్‌మెంట్ల బరువు కూడా కలపండి. టైర్ల బండిని పక్క వీధికి రోడ్డు మీదే నడిపించుకుపోయే అలవాటు ఉంటుంది. చైను బండితో ఆ పని మానేయాలి, ఎంత దగ్గరైనా ట్రాలీ మీదే. ఒక్క కిలోమీటరు తారు రోడ్డు పొలంలో ఎన్నో గంటల పనికి సమానంగా రబ్బరును అరగదీస్తుంది. ఆ రవాణా ఖర్చు మీ కిరాయి లెక్కలోకి ముందే రావాలి.

అటాచ్‌మెంట్ల విషయంలో ఊరట ఉంది. చాలా కంపెనీల బండ్లకు ముందు బిగించే క్విక్ అటాచ్ పలక ఒకే ప్రమాణంలో ఉంటుంది, కాబట్టి పాత బకెట్, గుంటలు తీసే ఆగర్, ఫోర్క్ చాలావరకు పనికొస్తాయి. రెండు చోట్ల మాత్రం చూసుకోండి. పాత బకెట్ వెడల్పు కొత్త బండి చైన్ల బయటి అంచుకంటే తక్కువైతే, బకెట్ వదిలేసిన మట్టి గట్టు మీదకు చైను ఎక్కుతుంది. బండి ఒక పక్కకు వాలి చదును పాడవుతుంది, చైను అంచు కూడా దెబ్బతింటుంది. బకెట్ ఎప్పుడూ చైన్ల బయటి వెడల్పుకు సమానంగానో కాస్త ఎక్కువగానో ఉండాలి. రెండోది హైడ్రాలిక్ ఆయిల్ ప్రవాహం. పొదలు నరికే మల్చర్ లాంటివాటికి హై ఫ్లో, అంటే ఎక్కువ ఆయిల్ ప్రవాహం, కావాలి. మామూలు ఫ్లో బండికి అవి తగిలిస్తే పని ముందుకు సాగదు, ఆయిల్ వేడెక్కిపోతుంది.

గేట్ల వెడల్పు కూడా కొలవండి. 45 సెంటీమీటర్ల చైన్లున్న బండి మీ పాత బండి దూరిన సందులో దూరకపోవచ్చు.

మూడో అడుగు: కింది భాగం ఎంచుకోవడం

ఇంజిన్ గురించి అడిగినన్ని ప్రశ్నలు అండర్‌క్యారేజ్, అంటే చైన్లు, వాటిని తిప్పే చక్రాలున్న కింది భాగం, గురించి ఎవరూ అడగరు. ఈ బండి నిర్వహణలో పెద్ద ఖర్చు దానిదే.

చైన్లు ముఖ్యంగా రెండు రకాలు. ఎక్కువ కంపెనీలు రబ్బరు లోపల ఉక్కు ముక్కలు, ఉక్కు తీగలు పెట్టిన చైన్లు వాడతాయి. వెనకనుండే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్, ఆ ఉక్కు ముక్కలను పట్టుకుని చైనును తిప్పుతుంది. ఏఎస్‌వీ లాంటి కంపెనీల పద్ధతి వేరు. చైను లోపలి రబ్బరు ముద్దలనే డ్రైవ్ పట్టుకుంటుంది, ఉక్కు ముక్కలుండవు. మొదటి రకం మోటు పనికి, గరుకు నేలకు నప్పుతుంది. రెండో రకం మెత్తగా, వేగంగా నడుస్తుంది.

చైను మీద దొర్లుతూ బండి బరువు మోసే చిన్న చక్రాలను రోలర్లంటారు. వాటి ఫ్రేము బాడీకి గట్టిగా బిగించి ఉందా, సస్పెన్షన్ ఉందా అన్నది ఇంకో ప్రశ్న. గట్టి ఫ్రేము చవక, తవ్వేటప్పుడు నిలకడగా ఉంటుంది. కానీ ఎండిన గట్టి నేల మీద రోజంతా నడిపితే ఆపరేటర్ నడుము విరిగిపోతుంది. రోజుకు ఎనిమిది గంటలు ఒకే మనిషి నడిపే బండి అయితే సస్పెన్షన్‌కు డబ్బు పెట్టడం దండగ కాదు.

చైను వెడల్పు సాధారణంగా 320, 400, 450 మిల్లీమీటర్లలో దొరుకుతుంది. మెత్తని నేలకు వెడల్పువి, రాళ్ల నేలకు, ఇరుకు చోట్లకు సన్నవి. చైను మీద 320×86×49 లాంటి అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, రెండోది ఒక ఉక్కు ముక్క నుంచి ఇంకోదానికి దూరం, ఈ రెండూ మిల్లీమీటర్లలో. మూడోది మొత్తం ముక్కల సంఖ్య. కొత్తది తెప్పించేటప్పుడు ఈ మూడూ, బండి మోడల్, సీరియల్ నంబరు చెప్పాలి. ఒక్క అంకె తప్పినా చైను ఎక్కదు.

నేలను పట్టుకోవడానికి చైను బయటివైపు ఉబ్బెత్తుగా ఉండే పట్టీల డిజైన్ కూడా ముఖ్యమే. విడివిడి దిమ్మెల్లా ఉండే బ్లాక్ డిజైన్ గట్టి నేలకు ఎక్కువకాలం వస్తుంది, బురదలో నిండిపోయి జారుతుంది. చైనుకు అడ్డంగా పొడవాటి పట్టీలున్న బార్ డిజైన్ బురదలో గట్టిగా పట్టుకుంటుంది, మట్టిని రాల్చేసుకుంటుంది, కాంక్రీటు మీద మాత్రం త్వరగా అరుగుతుంది. సీ ఆకారపు డిజైన్ ఈ రెండింటికీ నడుమ. రకరకాల పనులకు వెళ్లే కిరాయి బండికి నేనైతే దీనికే ఓటు వేస్తాను. చెరువుల పని మాత్రమే చేసేవాళ్లు బార్ డిజైన్ తీసుకోవచ్చు.

నాలుగో అడుగు: అడ్వాన్స్ ఇచ్చే ముందు విడిభాగాల సంగతి

మన రాష్ట్రాల్లో టైర్ల స్కిడ్ స్టీర్‌లతో పోలిస్తే చైను లోడర్లు ఇంకా తక్కువే. టైరు పోతే జిల్లా కేంద్రంలో ఏదో ఒకటి దొరుకుతుంది. చైను అలా దొరకదు. కాబట్టి డీలర్‌ను ఈ ప్రశ్నలు అడిగి జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. ఈ మోడల్ చైన్లు స్టాకులో ఎక్కడున్నాయి, తెప్పించడానికి ఎన్ని రోజులు? రోలర్లు, ఐడ్లర్లు (చైను చుట్టి తిరిగే పళ్లు లేని చక్రాలు), స్ప్రాకెట్లు విడిగా అమ్ముతారా? స్ప్రాకెట్‌ను తిప్పే ఫైనల్ డ్రైవ్ మోటార్ రిపేరు ఇక్కడే జరుగుతుందా, బయటికి పంపాలా? చైనుకు వారంటీ ఎన్ని గంటలు, ఏ నష్టానికి వర్తించదు? కోత, చీలిక, పదునైన వాటి వల్ల వచ్చే దెబ్బలు సాధారణంగా వారంటీలోకి రావు.

సెకండ్ హ్యాండ్ బండి చూస్తుంటే ముందు పెయింటు చూడకండి, మోకాళ్ల మీద కూర్చుని కింద చూడండి. చైను పట్టీలు ఎంత ఎత్తు మిగిలాయి? కొత్తదానికి దాదాపు 25 మిల్లీమీటర్లుంటాయి. ఎక్కడైనా ఉక్కు తీగలు బయటికి కనిపిస్తున్నాయా? తీగల్లోకి నీళ్లు దిగితే తుప్పు పట్టి చైను తెగుతుంది. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి సూదిగా అయ్యాయా? రోలర్ల దగ్గర, ఫైనల్ డ్రైవ్ దగ్గర ఆయిల్ తడి ఉందా? తర్వాత చదును నేల మీద స్టీరింగ్ తాకకుండా నేరుగా పోనివ్వండి. ఒకవైపే లాగుతుంటే ఆ పక్క మోటారో పంపో బలహీనపడి ఉండవచ్చు. చైన్ల బిగువు తేడా వల్ల కూడా అలా లాగుతుంది కాబట్టి అది సరిచేయించి మళ్లీ చూడండి.

ఐదో అడుగు: చేతి అలవాటు మార్చడం

కొత్త బండి వచ్చిన మొదటి వారం ఆపరేటర్‌ను కిరాయి పనికి పంపకండి. ఖాళీ స్థలంలో, మట్టి నేల మీద వదిలేయండి. పదేళ్ల అనుభవం ఉన్న ఆపరేటర్‌కైతే ఇది మరీ అవసరం, ఎందుకంటే అతని చేతికి పాత అలవాటు బాగా ఎక్కి ఉంటుంది. "అన్నా, నీకు నడపడం రాదని కాదు, ఈ బండి తిరిగే తీరు వేరు" అని మర్యాదగా చెప్పి కూర్చోబెట్టండి. ఓనర్ పక్కనుండి చూడాలి.

మొదట మార్చుకోవాల్సింది మలుపు. ఉన్నచోటే గిర్రున తిరగడం మానాలి. రెండు చైన్లూ ముందుకే కదులుతుండాలి, లోపలి వైపుది కాస్త నెమ్మదిగా, బయటిది వేగంగా. అప్పుడు బండి వంపు తిరుగుతూ పోతుంది. ఇరుకులో ముందుకు కొంచెం, వెనక్కు కొంచెం, మళ్లీ ముందుకు అని మూడు దఫాలుగా తిప్పుకోవాలి. టిప్పర్ నింపేటప్పుడు మట్టికుప్పకూ టిప్పర్‌కూ మధ్య టైర్ల బండికి వదిలే చోటు కంటే ఎక్కువ వదిలి, టిప్పర్‌ను అలాగే నిలపమని డ్రైవర్‌కు ముందే చెప్పాలి. ఈ ఒక్క మార్పుతో చైను వయసు ఎంత పెరుగుతుందో అవర్ మీటరు చూస్తే మీకే తెలుస్తుంది.

రెండోది, టైర్లు జారుతూ తిరిగినట్టు చైనును జారుతూ తిరగనివ్వకూడదు. టైర్ల బండితో కుప్పలోకి దూసుకెళ్లి, టైర్లు తిరుగుతూ ఉండగానే బకెట్ నింపుతారు. చైను బండికి పట్టు ఎక్కువ, అంత దూకుడు అక్కర్లేదు. బకెట్‌ను నేలకు సమంగా పెట్టి నెమ్మదిగా లోపలికి నెట్టి, ముందు భాగం కొరకగానే బకెట్‌ను వెనక్కి మడుస్తూ పైకి ఎత్తాలి. చైను జారుతున్న చప్పుడు వస్తే వెంటనే వదిలేయాలి.

వెనక్కి నడపడం తగ్గించాలి. దీనికి కారణం ఉంది. స్ప్రాకెట్ వెనక ఉంటుంది. ముందుకు వెళ్లేటప్పుడు అది నేల మీదున్న చైను భాగాన్ని నేరుగా లాగుతుంది, బిగువు పడేది కొద్ది పొడవు మీదే. వెనక్కి వెళ్లేటప్పుడు పైనుంచి, ముందున్న ఐడ్లర్ చుట్టూ తిరిగి, దాదాపు మొత్తం చైను మీద బిగువు పడుతుంది. పళ్ల చక్రం, ఉక్కు ముక్కలు అప్పుడే ఎక్కువ అరుగుతాయి. వెనక్కి రావడం తప్పదు, కానీ బకెట్‌తో వెనక్కి లాగుతూ చదును చేయడం, ఫుల్ స్పీడులో వెనక్కి పరుగెత్తడం వీలైనంత తగ్గించండి.

వాలు మీద నియమం టైర్ల బండికి ఉన్నదే, కాకపోతే ఇక్కడ చైను ఊడే ప్రమాదం కూడా తోడవుతుంది. బరువున్న వైపు ఎప్పుడూ ఎత్తు వైపుకి ఉండాలి. బకెట్ నిండి ఉంటే ముందుకు ఎక్కాలి, ఖాళీగా ఉంటే వెనక్కి ఎక్కాలి, ఎందుకంటే ఖాళీ బండిలో ఇంజిన్ ఉన్న వెనక భాగమే బరువు. బకెట్‌ను కిందికే ఉంచాలి. చెరువు గట్టు వాలు మీద అడ్డంగా పోకండి, వాలు మధ్యలో మలుపు తిప్పకండి. అడ్డంగా పోతుంటే బండి బరువంతా చైనును పక్కకు నెట్టి రోలర్ల మీదనుంచి జారుస్తుంది. వాలు మీద చైను ఊడితే దాన్ని తిరిగి ఎక్కించడం నరకం.

మెట్టు, రోడ్డు అంచు, పైపు, దుంగ లాంటివి దాటాల్సి వస్తే ఏటవాలుగా కాకుండా నేరుగా ఎదురెక్కాలి, నెమ్మదిగా. ఒక చైను మాత్రమే అంచు మీద నడిచేలా పోనివ్వకూడదు, అక్కడే రబ్బరు అంచు చిరుగుతుంది. ఇనుప చువ్వలు తేలిన కూల్చివేత శిథిలాల మీద, పదునైన గ్రానైట్ ముక్కల మీద మలుపు అసలు వద్దు. ముందు బకెట్‌తో దారి శుభ్రం చేసుకుని నేరుగా పోండి. గట్టు కొన మీదకు ఎక్కినప్పుడు బండి తక్కెడలా ఒక్కసారిగా ముందుకు వాలుతుంది, ట్రాలీ ర్యాంపు పైన కూడా అంతే. ఆ క్షణానికి ముందే వేగం బాగా తగ్గించాలి.

ఇక బురద. చైను బండి తేలుతూ పోతుంది కాబట్టి ధైర్యం పెరుగుతుంది, టైర్ల బండి పోలేనంత లోపలికి వెళ్లిపోతారు. అక్కడ కూరుకుపోతే దాన్ని తీయడానికి పొక్లెయిన్ రావాలి. అందుకని ఆరిపోని చెరువు అడుగులోకి దిగే ముందు మనిషి నడిచి చూడాలి. పాదం చీలమండ లోతు దిగితే జాగ్రత్త పడండి. అంతకంటే లోతు దిగితే, నాలుగైదు రోజులు ఆరనివ్వండి. లోపల ఒకే గాడిలో మళ్లీ మళ్లీ తిరగకండి. బండి పొట్ట మట్టికి ఆనిందంటే చైన్ల పట్టు పనిచేయదు. పచ్చిక లాన్ మీద కూడా ఇదే జాగ్రత్త. నేరుగా పోతే గడ్డి నలగదు, అక్కడికక్కడే తిరిగితే చాపలా లేచి వస్తుంది.

వేగం గురించి కూడా కస్టమర్‌కు ముందే చెప్పండి. దూరం ఎక్కువున్న చోట చైను బండి టైర్ల బండి కంటే నెమ్మది, డీజిల్ కూడా ఎక్కువే తాగుతుంది. కానీ చదును మాత్రం ఒకే దఫాలో బాగా వస్తుంది. టైర్ల బండిలా ముందుకీ వెనక్కీ ఊగదు కాబట్టి నేల మీద అలలు పడవు.

ఆరో అడుగు: సాయంత్రం పని

టైర్ల బండిని పని అయిపోగానే తాళం తీసి వెళ్లిపోవచ్చు. చైను బండికి సాయంత్రం కనీసం పావుగంట కేటాయించాలి. దీన్ని ఆపరేటర్ డ్యూటీలో భాగంగా, జీతం లెక్కలో చేర్చి పెట్టండి. ఉత్తినే చేయమంటే ఎవరూ చేయరు, చేయమనడం న్యాయం కూడా కాదు.

రోలర్ల మధ్య, స్ప్రాకెట్ చుట్టూ, ఫ్రేము లోపల పట్టిన మట్టిని పలుగు, చిన్న పారతో తీసేయాలి. నల్లరేగడి రాత్రికి రాత్రే బిగుసుకుపోతుంది. పొద్దున బండి కదిలిస్తే రోలర్లు తిరగవు, చైను వాటి మీద ఈడ్చుకుపోతూ రోలర్‌ను ఒక పక్క చదునుగా అరగదీస్తుంది. స్ప్రాకెట్‌లో మట్టి గట్టిపడితే చైను అతిగా బిగుసుకుంటుంది. ప్రెషర్ వాషర్‌తో కడగడం మంచిదే, కానీ నీటిధారను సీల్స్ మీదకు నేరుగా కొట్టకండి. కోళ్ల ఎరువు, రసాయన ఎరువులు, ఉప్పునీటి చెరువుల పని చేసిన రోజు కడగకుండా వదలొద్దు. డీజిల్, ఆయిల్ చైను మీద పడితే వెంటనే తుడవండి, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. గడ్డి, ఆకులు పేరుకునే తోటల్లో పని చేస్తే బండి పొట్ట కింద మూత తీసి ఇంజిన్ చుట్టూ చెత్త లేకుండా చూడండి. వేడికి అదే అంటుకుంటుంది.

చైను బిగువు చూసే పద్ధతి ఇది. ముందు శుభ్రం చేయాలి, మట్టి ఉండగా కొలిస్తే కొలత తప్పు వస్తుంది. బండిని కొంచెం ముందుకూ వెనక్కూ నడిపి చైను సమంగా సర్దుకోనివ్వాలి. మాన్యువల్ చూపిన చోట గట్టి స్టాండ్లు పెట్టి చైన్లు నేల విడిచేలా ఎత్తాలి. కేవలం జాకీని గానీ బకెట్‌ను గానీ నమ్మి కింద దూరకూడదు. ఇంజిన్ ఆపి, నడిమి రోలర్ అడుగుకూ వేలాడుతున్న చైనుకూ మధ్య ఖాళీ కొలవాలి. ఎంత ఉండాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్‌లో మిల్లీమీటర్లలో ఇస్తారు. ఆ అంకెను క్యాబిన్ లోపల పెయింటుతో రాయించండి.

వదులైతే చాలా మోడళ్లలో గ్రీజు గన్‌తో అడ్జస్టర్‌లోకి గ్రీజు ఎక్కించి బిగిస్తారు. ఎక్కువ బిగిస్తే వాల్వును వదులు చేసి గ్రీజు బయటికి వదలాలి. ఇక్కడ ప్రాణాంతకమైన ప్రమాదం ఉంది. లోపల గ్రీజు చాలా ఒత్తిడిలో ఉంటుంది. వాల్వు ఎదురుగా ముఖం, చేయి పెట్టకూడదు, మాన్యువల్ చెప్పినంత మేరకే, నెమ్మదిగా తిప్పాలి, పూర్తిగా ఊడదీయకూడదు. గ్రీజు చర్మంలోకి దూసుకుపోతే పైకి చిన్న చుక్క గాయమే కనిపిస్తుంది. అయినా సరే అదే గంటలో సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆలస్యమైతే వేలో చెయ్యో పోతుంది.

వదులు చైను స్ప్రాకెట్ మీద టకటకా ఎగురుతుంది, మలుపులో ఊడుతుంది. అతి బిగువు చైను చప్పుడు చేయదు కాబట్టి ఇంకా చెడ్డది. రోలర్ల బేరింగులను, డ్రైవ్ మోటారును లోలోపల తినేస్తుంది, డీజిల్ కూడా ఎక్కువ తాగిస్తుంది. కొత్త చైను మొదట్లో సాగుతుంది, కాబట్టి తొలి 50 గంటలు రోజూ కొలవండి. తర్వాత మాన్యువల్ చెప్పిన వ్యవధిలో చూస్తే సరిపోతుంది.

టైర్ల బండికి చైన్ కేసులో, అంటే చక్రాలను తిప్పే ఇనుప గొలుసులుండే పెట్టెలో, ఆయిల్ చూసే అలవాటు మీకు ఉండే ఉంటుంది. చైను లోడర్లలో సాధారణంగా ఆ కేసు ఉండదు, మోటారు నేరుగా స్ప్రాకెట్ దగ్గరే ఉంటుంది. దాని గేరు ఆయిల్, ఉన్న మోడళ్లలో కేస్ డ్రెయిన్ ఫిల్టర్ (మోటారు నుంచి తిరిగివచ్చే ఆయిల్‌ను వడగట్టేది), సర్వీసు చార్టులో తప్పకుండా చేర్చండి. ఆ ఫిల్టర్ మూసుకుపోతే ఫైనల్ డ్రైవ్ పోతుంది, అది చాలా ఖరీదైన వస్తువు.

ఏడో అడుగు: గంట లెక్క వేసి కిరాయి నిర్ణయించండి

రబ్బరు చైను మంచి చేతిలో, మట్టి నేల మీద 1,200 నుంచి 1,600 గంటలు రావడం మామూలు. రాళ్ల మీద, కాంక్రీటు మీద గిరగిరా తిప్పితే 400 గంటలకే పోవచ్చు. ఉదాహరణకు జత చైన్లు 4 లక్షల రూపాయలు అనుకుందాం. 1,200 గంటలు వస్తే గంటకు 333 రూపాయలు. 600 గంటలకే పోతే 667. రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే తేడా 2,600 రూపాయల పైనే. మీ డీలర్ చెప్పిన అసలు ధర వేసి ఈ లెక్క మీరే కట్టండి. టైర్ల బండి కిరాయికే చైను బండిని పంపితే పని దొరుకుతుంది గానీ, చైను మార్చే నాటికి చేతిలో డబ్బు ఉండదు. నడిచిన ప్రతి గంటకూ చైను వాటా తీసి విడిగా బ్యాంకులో వేసుకోండి. కాంక్రీటు పనికి, కూల్చివేత పనికి వేరే రేటు చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ పనికి టైర్ల బండే సరైనదని కస్టమర్‌కు నిజాయితీగా చెప్పేయండి. అందుకే వీలైతే పాత టైర్ల బండిని వెంటనే అమ్మకుండా ఒక వానాకాలం, ఒక వేసవి దాకా ఉంచుకోమంటాను.

చైను మార్చే సమయం

పట్టీలు చదునైపోయినా, తీగలు బయటపడినా, ఉక్కు ముక్కలు ఊడిపోయినా, బిగువు అడ్జస్టర్ చివరిదాకా వచ్చినా మార్చాల్సిందే. రెండు చైన్లూ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతదైతే బండి పక్కకు లాగుతుంది. స్ప్రాకెట్ పళ్లు వంగి ఉంటే కొత్త చైనుతో పాటు అవీ మార్చాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే దాని ఉక్కు ముక్కలు కూడా అదే ఆకారంలో అరుగుతాయి. పళ్లు ఒకవైపే అరిగి, ఇంకా బలంగా ఉంటే కొన్ని మోడళ్లలో ఎడమ స్ప్రాకెట్‌ను కుడికి, కుడిదాన్ని ఎడమకు మార్చి మరికొంత కాలం వాడుకోవచ్చు.

ఒక్కో చైను 150 నుంచి 250 కిలోల దాకా తూగుతుంది. ఇద్దరు మనుషులు చేతులతో ఎత్తే పని కాదు, క్రేన్ బెల్టు లేదా ఇంకో లోడర్ ఉండాలి. మొదటిసారి కంపెనీ మెకానిక్‌తో చేయించి మీ ఆపరేటర్‌ను పక్కన నిలబెట్టండి.

పని లేని నెలల్లో బండిని ఎండలో వదిలేయకండి. శుభ్రం చేసి, నీడలో, చెక్క పలకల మీద నిలపండి, చైన్లు ఎండిన మట్టికి అతుక్కోకుండా ఉంటాయి. నెలకోసారైనా స్టార్ట్ చేసి, నాలుగడుగులు ముందుకూ వెనక్కూ కదిపి, అదే రోజు బిగువు కొలిచి పుస్తకంలో రాయండి.